గూట్లో చారల పాము

పిల్లలూ, నాకప్పుడు ఎనిమిదేళ్ళు. నిజాం కాలం. ధూల్‌పేటలో మా ఇంటి మట్టిగోడకు మనిషెత్తున ఒక గూడు ఉండేది. దువ్వెన కోసం పీట ఎక్కి అందులో చెయ్యి పెట్టాను. నడిమి వేలును ఏదో పట్టుకుంది. చెయ్యి గుంజితే దాంతోపాటే వచ్చి కింద పడింది. నల్లటి పాము, ఒంటి మీద తెల్లటి పట్టీలు.

చిన్నాయన దాని మీద గంప బోర్లించి రాయి పెట్టాడు. కట్లపామే అన్నారందరూ. అమ్మ చీర అంచు చింపి నా మణికట్టుకు బిగించి కట్టింది. నోట్లో వేపాకు కుక్కింది. విషం ఎక్కితే వేపాకు చేదు తెలియదని మా వాళ్ళ నమ్మకం.

"చేదున్నదా బిడ్డా?"

కషాయం తాగించినప్పుడల్లా చేదు లేదంటేనే మా ఇంట్లో మంచిపిల్ల. అలవాటుకొద్దీ "లేదమ్మా" అన్నాను.

అమ్మ మొహం తెల్లగా పాలిపోయింది. చిన్నాయన కత్తి తీసి పొయ్యిలో పెట్టాడు. వేలు తీసేస్తేనే పిల్ల దక్కుతుందన్నాడు. నేనేం అన్నానో నాకు అప్పుడు తెలిసింది. కానీ మాట మారిస్తే అమ్మ కొడుతుందని భయపడ్డాను.

ఏడుపులు విని పక్కింటామె వచ్చింది. మేం ఆమెను ఖాలా అనేవాళ్ళం. వాళ్ళది కట్టెల అడితి. మోపుల్లోంచి రకరకాల పాములు రాలడం ఆమె చూసిందే. కర్రతో గంపను కొంచెం ఎత్తి, వంగి చూస్తూ ఉండిపోయింది. కత్తి ఎర్రబడింది.

"జర ఆగు భాయ్," అంది. "పట్టీలు మెడకాడ్నే మొదలైనయ్. తోకదిక్కు పోతుంటే మాసిపోయినయ్. కట్లపాముకు ఉల్టా. మెడకాడ పట్టీలు అసలే ఉండవ్, తోకకాడ సాఫ్ కనబడ్తయ్. ఇది గోడలెక్కి బల్లులను తినేది. దీనికి జహర్ లేదు."

"నీ ఎరుక తప్పైతే ఎట్లక్కా? పిల్ల మల్ల వస్తదా?" అన్నాడు చిన్నాయన.

ఖాలా నావైపు తిరిగింది. నా గడ్డం పట్టుకుని, "అమ్మ కొట్టదు బేటీ, నిజం చెప్పు. చేదున్నదా?" అంది.

"మస్తు చేదున్నది," అని ఏడ్చాను.

అమ్మ ముడిని పళ్ళతో విప్పింది. నీలం తిరిగిన వేళ్ళు మెల్లగా ఎర్రబడ్డాయి. అయినా చిన్నాయన కత్తి దగ్గరే కూర్చున్నాడు. విషమెక్కి నా కనురెప్పలు వాలుతున్నాయేమోనని పొద్దుగూకేదాకా ముగ్గురూ నా మొహమే చూశారు. వాలలేదు. దీపాలు పెట్టాక గానీ ఖాలా తన ఇంటికి పోలేదు.

నా పెళ్ళయ్యాక ఒకసారి ఆమే చెప్పింది, గంప కింద చీకట్లో తనకు తోక సగమే కనిపించిందట. అందుకే మీకు చెబుతున్నాను, ఎవరినైనా పాము కరిస్తే పట్టీలు చూస్తూ కూర్చోకండి. దవాఖానకు తీసుకుపోండి.