నా వెనక నిలబడ్డవాళ్ళు

ఆ కబురు మొదట మోసుకొచ్చింది మా పై పోర్షన్ అక్క. ఆ రోజుల్లో, అంటే మరీ పాత రోజులేమీ కావు, చైతన్యపురిలో మా సందు చివర మెట్రో రైలు అప్పటికే నడుస్తోంది, ఉద్యోగానికి వచ్చిన మనిషిని చూసే పని కూడా యంత్రానికి అప్పగించడం అప్పుడప్పుడే మొదలైంది. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన అక్క మెట్ల మీద నుంచే పిలిచి, ఎల్బీనగర్‌లో ఒక ఆఫీసులో మనుషుల్ని తీసుకుంటున్నారని, ఆస్పత్రులకు ఫోన్ చేసే రోగులకూ వాళ్ళ ఇంటివాళ్ళకూ ఓపికగా తెలుగులో జవాబు చెప్పడమే పని అని చెప్పింది. "ఇంటర్వ్యూకి మనుషులే ఉండరంట. కంప్యూటరే అడిగిద్దంట, అదే మార్కులు వేసిద్దంట. నువ్వేం భయపడమాక" అంది.

నాకు భయం కాదు, ఆశ పుట్టింది. చిన్నప్పటి ఆయాసం జబ్బు వల్ల నేను బడికి పోలేదు. అమ్మే పాఠాలు చెప్పింది, పరీక్షలన్నీ ఇంట్లో చదివి కట్టినవే. అంతకుముందు ఏ ఆఫీసుకు వెళ్ళినా ఎదుట కూర్చున్నవారు మొదట అడిగేది "ఏ కాలేజీ?" అనే. (వీధికి నాలుగు కోచింగ్ సెంటర్లున్న చైతన్యపురిలో ఒక్క తరగతి గది గుమ్మం కూడా తొక్కకుండా పెరగడం మామూలు అదృష్టం కాదు.) ఈ యంత్రం ఆ మాట అడగదట. అందుకు దానికి ఇప్పటికీ రుణపడి ఉన్నాను. ఇదీ తప్పిపోతే దిల్‌సుఖ్‌నగర్‌లో నాన్న చీరల దుకాణంలో మడతలు పెట్టుకుంటూ ఉండిపోతానని మా ఇంట్లో అందరికీ తెలుసు.

మా ఇంటికి ఒకపక్క మగపిల్లల హాస్టలు, మరోపక్క షేర్ ఆటోల హారన్లు. తలుపు వేస్తే కాస్త నిశ్శబ్దం దొరికేది దేవుడి గదిలోనే. దీపం పెట్టి, దండం పెట్టుకుని, అక్క ఇచ్చిన లాప్‌టాప్ పీట మీద పెట్టుకుని కూర్చున్నాను. యంత్రం రేడియోలో వార్తలు చదివినంత శుద్ధమైన తెలుగులో పలకరించి, వెంటనే ఇలా అంది: "మీ గదిలో మరో ముగ్గురు వ్యక్తులు ఉన్నారు. దయచేసి వారిని బయటకు పంపండి." ఉలిక్కిపడి వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. గోడ మీద పటాల్లోంచి లక్ష్మీదేవి, సరస్వతి, వేంకటేశ్వరస్వామి నావైపే చూస్తున్నారు. నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే భయమూ వేసింది, ఎందుకంటే ఇంకోసారి ఇతరులు కనిపిస్తే ఇంటర్వ్యూ ముగుస్తుందని తెర మీద ఎర్రటి అక్షరాలు పడ్డాయి.

గది బయట కాపలా కూర్చున్న నానమ్మకు సంగతి చెప్పాను. ఆవిడకు దేవుళ్ళను బయటకు పొమ్మన్నందుకు కాదు బాధ. "ముగ్గురేనా? వినాయకుడు, మన గుట్ట నర్సింహస్వామి గోడ మీదనే ఉన్నరు గద. ఆళ్ళను లెక్కలకు తీస్కోలేదా?" అంది. (ఏనుగు ముఖాన్నీ సింహం ముఖాన్నీ ఆ యంత్రం మనుషుల్లో జమ కట్టలేదన్నమాట.) పటాలు గోడవైపు తిప్పమని అమ్మ అంది కానీ, ఉద్యోగం కోసం దేవుళ్ళ ముఖాలు తిప్పడానికి నాకు చేతులు రాలేదు. దారి నానమ్మే చూపించింది. "తెర కడ్దాం బిడ్డా. గుళ్ళ నైవేద్యం పెట్టేటప్పుడు కడ్తరు గద, గట్లనే." పోచంపల్లి నుంచి తెచ్చుకున్న తన పాత చీర ఒకటి పటాల ముందు కట్టింది. తెర కట్టాక లోపల నైవేద్యం ఉండాలి కనుక అరటిపళ్ళు పెట్టింది. నేను లెంపలేసుకుని మళ్ళీ కూర్చున్నాను.

ఈసారి యంత్రం శాంతించింది. పేరు అడిగింది, కోపంగా మాట్లాడే రోగికి ఎలా జవాబిస్తారని అడిగింది, అన్నీ చెప్పాను. తర్వాత, మీరు ఒక టీంతో కలిసి పనిచేసిన అనుభవం చెప్పండి, అంది. బెంచీ మీద పక్కన ఒక పిల్ల కూడా కూర్చోని చదువు నాది. అబద్ధం ఆడలేక, "నేను ఎప్పుడూ ఒంటరిగానే చదివాను, నాకు టీం అంటూ ఎప్పుడూ లేదండీ" అని మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే, స్వామి తినడానికి ఈపాటి సమయం చాలనుకున్న నానమ్మ తలుపు తోసుకుని లోపలికొచ్చి, గణగణా గంట కొట్టి, తెర లాగేసి, హారతి వెలిగించింది. "మీ వెనక నలుగురు వ్యక్తులు ఉన్నారు. ఇంటర్వ్యూ ముగిసింది" అని యంత్రం సెలవు తీసుకుంది.

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. నానమ్మ ముఖం చూస్తే తను చేసిందేమిటో అప్పుడే అర్థమై బిత్తరపోయి ఉంది. ఆవిణ్ణి ఏమనగలను? హారతి కళ్ళకద్దుకుని, ఒక అరటిపండు ఒలిచి ఆవిడ చేతిలో పెట్టి, "పర్లేదు నానమ్మా. స్వామి కడుపు నిండింది గద" అన్నాను.

వారం తిరగకముందే ఫోన్ వచ్చింది. ఈసారి యంత్రం కాదు, మనిషి. నల్గొండ యాసలో నిదానంగా మాట్లాడే ఒక మేడం. యంత్రం వద్దన్నవాళ్ళ రికార్డింగులు ఎవరూ చెప్పకపోయినా సాయంత్రాలు కూర్చుని మళ్ళీ చూడటం ఆవిడ అలవాటట. ఇంటర్వ్యూ ముగిసినా కెమెరా కాసేపు ఆగలేదట. "టీం లేదన్నవు గదమ్మా," అంది, నవ్వు ఆపుకుంటూ. "మరి నీ వెనక నిలబడ్డోళ్ళెవరు?" నేను దేవుడి గది వైపు తిరిగి చూశాను. "కోపమొచ్చే టైముల నువ్వు ఎట్లుంటవో నేను చూసిన. గా అరటిపండు సంగతి నాకు సమజైంది, మిషనుకు కాలే. సోమవారం నుంచి రా."

అలా చేరినదాన్ని, ఇప్పుడు అదే ఆఫీసులో యంత్రం పక్కన పెట్టిన రికార్డింగులు నేను చూస్తున్నాను. మనిషి ముఖం కంటే ముందు వెనక ఏముందో చూడటం అలవాటైపోయింది: ఆరేసిన బట్టలు, కుక్కర్ కూత, తలుపు సందులోంచి తొంగి చూసే ఒక అమ్మ. ఎప్పుడైనా నా పాత రికార్డింగు గుర్తొస్తే, వెనక అంతమందిని పెట్టుకుని ఒంటరిదాన్నని చెబుతున్న ఆ పిల్ల మీద నవ్వూ వస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. మేడం ఉద్యోగం మానేసి వాళ్ళ ఊరికి వెళ్ళిపోయారు. సాయంత్రం దీపం పెట్టేటప్పుడు మీరు కూడా ఆవిణ్ణి ఒక్కసారి తలుచుకోండి. పేరు తెలియకపోయినా ఫరవాలేదు, మళ్ళీ చూసిన మేడం అనుకోండి చాలు. యంత్రం లెక్కలోకి రాని మా గుట్ట స్వామికి ఆవిడెవరో బాగా తెలుసు.