అలివేలమ్మ ఎంచుకున్న హోటలు

సూళ్లూరుపేట స్టేషన్ బయట అలివేలమ్మ ఇడ్లీ బండి దగ్గర నిలబడి తినేవాళ్లు డబ్బుతో పాటు ఇంకొకటి కూడా చెల్లించాలి. నిన్న చెన్నైలో ఎక్కడ తిన్నారో, ఎలా కూర్చుని తిన్నారో పూర్తిగా చెప్పాలి. చెప్పకపోతే రెండో గరిటె చట్నీ పడదు. రోజూ లోకల్ రైలెక్కి ఉద్యోగాలకు పోయే జనానికి ఇది అలవాటైపోయింది. కొందరైతే తినని హోటల్లో కూడా తిన్నట్టు చెప్పి చట్నీ వేయించుకునేవాళ్లు.

వ్యాపారం పెంచుకోవడానికి కిటుకులు అడుగుతోందని అందరూ అనుకునేవారు. కానీ ఆమె ఎవరినీ రుచి గురించి అడగలేదు. "కుర్చీలు ఎట్లుంటాయప్పా? ఆడోళ్లు యాడ కూసుంటారు? మెనూ కార్డు తెచ్చి ఎవురి ముందర పెడతారు?" ఇవీ ఆమె ప్రశ్నలు. ఇడ్లీలమ్మే మనిషికి కార్డుతో ఏం పని అని ఎవరికీ తోచలేదు.

అలివేలమ్మ పుట్టింది ఐరాలలో. మునెయ్య భార్యగా సూళ్లూరుపేటకు వచ్చింది. మునెయ్య స్టీలు సామాన్ల వ్యాపారం చేసేవాడు. చెన్నైలో సరుకు కొని, చుట్టుపక్కల సంతల్లో అమ్మేవాడు. సరుకు తేవడానికి పోయిన ప్రతిసారీ అలివేలమ్మను వెంట తీసుకుపోయేవాడు. ముచ్చటపడి కాదు, మూటల దగ్గర మనిషి కావాలి కాబట్టి. సెంట్రల్ స్టేషన్లో ఆమెను బిందెల మూట మీద కూర్చోబెట్టి, "సరుకు కాడ ఒకరుండాల గదా" అని చెప్పి రోడ్డు దాటి బార్ అండ్ రెస్టారెంట్‌లోకి పోయేవాడు. ఒకరుండాలన్న మాట నిజమే. ఆ ఒకరు ఎప్పుడూ అలివేలమ్మే కావడమే ఆమెకు మింగుడుపడలేదు.

అతను తీరిగ్గా తిని, తాగి, ఆకులో కట్టిన పరోటా పార్సిల్ పట్టుకుని వచ్చేవాడు. అప్పటికి పరోటాతో ఇచ్చే సాల్నా పులుసు చల్లారి పైన నూనె పేరుకునేది. పరోటా తోలులా సాగేది. ఆమె దాన్ని నములుతూ ఉంటే, రైల్లో మునెయ్య వర్ణన మొదలుపెట్టేవాడు.

"లోపల ఎంత సల్లగుంటాదో తెలుసా అలివేలూ! రంగురంగుల దీపాలు, అద్దాలు. తెల్ల చొక్కాలోళ్లు వొంగి వొంగి 'ఏం కావాల సార్' అంటారు. ఆ కుర్చీలో కూసుంటే మనిషికి మర్యాదంటే ఏందో తెలుస్తాది."

"ఒక తూరి నన్నూ తీసకపోరాదా?" అని ఆమె అడిగింది ఒకసారి.

"ఆడోళ్లు కూసునే సోటు కాదే అది" అని నవ్వేశాడు.

మునెయ్య చెడ్డవాడు కాదు. చెయ్యెత్తలేదు, ఇల్లు గుల్ల చెయ్యలేదు. లోపలికి తీసుకుపోలేదు, అంతే. ఇలాంటి వాటికి ఏ పంచాయితీలోనూ తీర్పు ఉండదు. అందుకే అలివేలమ్మ తీర్పును తన దగ్గరే దాచుకుంది.

కాలం మారి స్టీలు వ్యాపారం పడిపోయింది. మునెయ్య మోకాళ్లు మూటలు మోయనన్నాయి. అలివేలమ్మ ఇడ్లీ బండి పెట్టింది, అదే ఇంటిని నిలబెట్టింది. ఇప్పుడు మునెయ్య పిండి రుబ్బుతాడు, ప్లేట్లు కడుగుతాడు, భార్య కళ్లెర్రజేస్తే కొబ్బరి కూడా తురుముతాడు. తాగుడు ఆదివారం సాయంత్రానికి కుదించుకుపోయింది. కూతురు లోహిత దగ్గర్లోని కంపెనీలో చేరి, ఈ ఏడు సూపర్‌వైజర్ అయింది.

"అమ్మా, ఈసారి మనం ముగ్గురం చెన్నైకి పోయి మంచి హోటల్లో తిందాం. నాయనకు, నీకు నేనే పెట్టిస్తా" అంటూ లోహిత ఫోన్లో బొమ్మలు చూపించింది.

"సెంట్రల్ కాడ నాకు తెలిసిన సోటుండాది" అని మునెయ్య హుషారుగా లేచాడు.

అలివేలమ్మ గరిటె దించింది. "నీకు తెలిసిన సోట్లు సాలు. ఈ తూరి నేను ఎంచుతా. మీరిద్దరూ గమ్మున నా ఎనకాల రావాల."

మునెయ్య లేచినవాడు మళ్లీ కూర్చున్నాడు. లోహితకు నవ్వాగలేదు.

మనసులో ఉన్నదంతా అలివేలమ్మ ఒక్క గ్రేసీకే చెప్పింది. గ్రేసీ బండి పక్కనే పూలు కడుతుంది. "బార్ ఉండాల గ్రేసీ. ఆయన ఇన్నేండ్లు నన్ను బయట కూసోబెట్టి పోయినాడే, ఆ సోటు యెట్టుంటాదో కూసోని సూడాల. అదీ పెరటాసి శనివారం నాడే పోవాల."

గ్రేసీ చేతిలో దారం జారిపోయింది. "అక్కా, ఎంకన్నసామి నెలని మీరు పెరటాసి శనివారాల్లో నీసు ముట్టరు గదా! గోవిందా అనే దినం బార్‌కు పోతే మీ దేవుడు ఏమనుకుంటాడు?"

"దేవుడికి పొద్దున్నే తళిగ నైవేద్యం పెట్టి, చెప్పేసే పోతా. ఏ దినమైనా పోవచ్చు గానీ, ఆయన గ్లాసు ముందర పెట్టుకున్నాడంటే ఇంక గ్లాసుతోనే మాట్లాడతాడు. పెరటాసి శనివారం దాన్ని ముట్టడు. నేను కుర్చీలో కూసునింది ఆయన తెలివితో, కండ్లారా సూడాల."

గ్రేసీ జారిన దారం అందుకుని, "పో అక్కా. ఆ దినం పూలు నేనిస్తా" అంది.

అయితే అలాంటి హోటలు దొరకాలి కదా. బార్ ఉండాలి, కానీ ఆ రోజు తినే తిండి నీసు తగలని వంటింట్లో వండి ఉండాలి. అలివేలమ్మ విచారణ ముమ్మరం చేసింది. కాలేజీ పిల్లలు ఒక చోటు చెప్పారు, కొవ్వొత్తి వెలుతురులో తినాలట. "తినేది కనపడకపోతే వండినోడికే లాభం" అని కొట్టేసింది. మిఠాయి అంగడి ఆయన ఫ్యామిలీ రూము ఉన్న హోటల్ చెప్పాడు. గదికి తెర వేస్తారని తెలిసి ఆమె మొహం మాడ్చుకుంది. "తెర ఎనకాల కూసునేదానికి అంత దూరం పోవాల్నా?" ఇంకొకాయన గొప్పగా చెప్పిన చోట నిలబడి తినాలి. "దానికి నా బండే ఉండాది గదప్పా" అంది. బార్లు ఉన్నచోట శాకాహారం లేదు, శాకాహారం ఉన్నచోట బార్ లేదు. పెరటాసి నెల సగమైపోయింది. ఈ ఏటికి ఇక కుదరదేమోనని ఆమెకు దిగులు పట్టుకుంది.

అప్పుడు ప్రతాప్ వచ్చాడు. మందుల బ్యాగు భుజాన వేసుకుని చెన్నై అంతా తిరిగే కుర్రాడు. "ఎగ్మోర్ పక్క ఒకటుండాదక్కా. కింద బార్, పైన మేడలో ప్యూర్ వెజ్. వంటిండ్లు వేరే వేరే. తిండి బ్రహ్మాండం. ఒకటే తిప్పలు, మేడకు మెట్లు బార్ లోపల్నుంచే. ఫ్యామిలీలతో వచ్చినోళ్లు సణుగుతా ఉంటారు."

అలివేలమ్మ ఇడ్లీ పాత్ర మూత చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "మెట్లు బార్‌లోంచేనా? బాగా సూసినావా?"

"సూసినానక్కా. ఎక్కినాను కూడా."

ఆ పొద్దు ప్రతాప్‌కు అడక్కుండానే రెండో గరిటె చట్నీ, దాని మీద ఒక వడ పడ్డాయి. ఎందుకో అతనికి అర్థం కాలేదు గానీ వడ మాత్రం తిన్నాడు.

శనివారం వచ్చింది. పొద్దున్నే ఇల్లు కడిగి, తళిగ వేసి, గోవిందలు కొట్టారు. మునెయ్య నుదుట నిలువు నామం నిగనిగలాడింది. మధ్యాహ్నం రైలెక్కేటప్పుడు అలివేలమ్మ ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. గ్రేసీ ఇచ్చిన మల్లెపూలు తలనిండా ఉన్నాయి. భార్య ఏదో సాపాటు హోటల్ ఎంచి ఉంటుందని మునెయ్య నిశ్చింతగా కిటికీ పక్కన కునుకు తీశాడు. లోహితకు రైల్లోనే సంగతి చెప్పింది తల్లి. లోహిత మొదట నోరు తెరిచింది. తర్వాత తల్లి చెయ్యి పట్టుకుని దిగేదాకా వదల్లేదు.

దీపాలు వెలిగే వేళకు ఎగ్మోర్‌లో ఆ హోటల్ ముందు ఆటో దిగారు. మునెయ్య బోర్డు చూశాడు. ఇంగ్లీషు రాకపోయినా బార్ అనే మాట ఏ భాషలో ఉన్నా అతను చదవగలడు.

"ఏమే! నామం పెట్టుకోని, పెరటాసి శనివారం పూట బార్‌లోకా? తెలిసే తెచ్చినావా?"

"తెలిసే తెచ్చినా. తినేది పైన, ఉత్త శాకాహారమే. వంటిల్లు గూడా వేరే. లోపల్నుంచి నడిచిపోవాల, అంతే."

"నేను రాను. అడుగు పెట్టను. మీరు పోయి తినేసి రాండి. నేను ఈడే కూసుంటా."

లోహిత కంగారుగా తల్లిని చూసింది. ఇన్నాళ్ల ఎదురుచూపు గడపలోనే ఆగిపోయేలా ఉంది. అతను లేకుండా ఆమె కూర్చుంటే ఆ కూర్చోవడానికి అర్థమేముంది? అంతలో అలివేలమ్మకు ఒక మాట గుర్తొచ్చింది, నవ్వు కూడా వచ్చింది.

"సరే, కూసో" అంది నెమ్మదిగా. "చెప్పులు, సంచి ఈడ పెట్టిపోతాండాం. సామాన్ల కాడ ఒకరుండాల గదా. వచ్చేటప్పుడు నీకు పార్సిల్ తెస్తాలే."

మునెయ్య సంచి పక్కన చతికిలబడ్డాడు. అలివేలమ్మ వెనక్కి చూడకుండా కూతురి చెయ్యి పట్టుకుని తలుపు తోసుకుని లోపలికి పోయింది.

లోపల చల్లగా ఉంది. ఆ ఒక్కటీ మునెయ్య నిజమే చెప్పాడు. మేడ మెట్లు ఎదురుగానే ఉన్నా, ఆమె వాటివైపు పోలేదు. గోడ పక్కన ఖాళీ కుర్చీ చూసుకుని నిండుగా కూర్చుంది. లోహిత బిక్కుబిక్కుమంటూ పక్కన కూర్చుంది. తెల్ల చొక్కా కుర్రాడు వచ్చి వంగి, ఏం కావాలమ్మా అని తమిళంలో అడిగాడు. నిమ్మకాయ సోడా, ఉప్పూ చక్కెరా రెండూ వేసి, అని అలివేలమ్మ తమిళంలోనే చెప్పింది. కుర్రాడు సరేనమ్మా అని పోయాడు. ఆకాశం విరిగిపడలేదు.

సోడా తాగుతూ ఆమె చుట్టూ చూసింది. గుడ్డి దీపాలు, మరకలు పడిన అద్దం. ప్లేట్లలో వేయించిన శనక్కాయలు. ఎవరి టేబుల్ దగ్గర వాళ్లు ఒంటరిగా కూర్చుని టీవీలో క్రికెట్ చూస్తున్న మగవాళ్లు. ఒకాయన శనక్కాయతో ఏదో మాట్లాడుకుంటున్నాడు.

"ఇంతేనా?" అంది అలివేలమ్మ.

గట్టిగానే అంది. పక్క టేబుల్ ఆయన తిరిగి చూశాడు. "లోహితా, ఇంతేనంట పాప! దీనికోసమా ఆయప్ప నన్ను బిందెల మీద కూసోబెట్టి పోయింది? దీనికన్నా మన బండి కాడే జనం కళకళలాడతా ఉంటారు గదా!" అని నవ్వింది. ఇన్నేళ్లూ లోపల కట్టుకున్న మేడంతా కూలిపోయింది. కూలినందుకు ఆమెకు పట్టలేనంత సంతోషం వేసింది. లోహిత కూడా భయం వదిలేసి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

సోడా చివరి గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది అలివేలమ్మ. "పోయి నాయనను పిలుచుకోని రా."

"పార్సిల్ అన్నావు గదమ్మా?"

"పార్సిల్ వొద్దు పాప. అది సల్లారినాక ఎట్లుంటాదో నాకు తెలుసు. ఆ తిండి పగోడికి గూడా పెట్టగూడదు. అమ్మ రమ్మనిందని చెప్పు."

మునెయ్య వచ్చాడు. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో రెండు జతల చెప్పులు. తలుపు దగ్గర తడబడి లోపలికి చూశాడు. రంగుదీపాల కింద పట్టుచీరలో, తలనిండా పూలతో, కాలు మీద కాలేసుకుని కూర్చున్న తన భార్య కనిపించింది. అతని మొహం వాడిపోయింది.

"ఎంతసేపు కూసున్నా బయట" అన్నాడు. ఫిర్యాదులా మొదలైన మాట మధ్యలోనే ఆగింది. అతని కళ్లు కిందికి వాలాయి. "నువ్వు బో సేపు కూసునేదానివి గదా అలివేలూ."

"కూసున్నాలే" అంది ఆమె. "రా. ఆకలేస్తాంది."

ముందు అలివేలమ్మ, వెనక నామంతో మునెయ్య, ఆ వెనక లోహిత. బార్ నడిమధ్య నుంచి మెట్ల దాకా నడిచారు. ఎవరో టీవీ మీంచి చూపు తిప్పి మునెయ్య నామానికి దండం పెట్టారు. మునెయ్య సిగ్గుతో తల దించుకున్నాడు. అలివేలమ్మ మాత్రం ఊరేగింపులో నడిచినట్టు తల ఎత్తుకుని మెట్లెక్కింది.

పైన హాలు వెలుతురుగా, పిల్లాపాపలతో సందడిగా ఉంది. కిటికీ పక్క టేబుల్ ఆమే ఎంచుకుంది. సర్వరు వచ్చి, అలవాటు ప్రకారం కార్డు తీసుకొచ్చి మునెయ్య ముందు పెట్టాడు. లోహిత తండ్రి వైపు చూసింది. మునెయ్య కార్డును ముట్టుకోకుండా చూశాడు. తర్వాత దాన్ని రెండు చేతులతో తీసి భార్య ముందు పెట్టాడు.

"నన్ను అడగొద్దప్పా" అన్నాడు సర్వరుతో. "ఎంచింది ఆమె. ఆమె చెప్తాది."

ఇంత సంతోషం ఒక్క కార్డులో ఉంటుందని అలివేలమ్మ అనుకోలేదు. కార్డు తెరవకుండానే, దాని మీద అరచెయ్యి పెట్టి చెప్పింది. "పరోటా. ముగ్గురికీ. కూరగాయల కుర్మా. పొయ్యి మీంచి దించింది దించినట్టు ఈడికే రావాల, యాడా ఆగగూడదు."

అలాగే వచ్చింది. ఆమె మొదటి పొర తుంచగానే ఆవిరి లేచి వేళ్లకు తగిలింది. కుర్మాలో ముంచి నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. మునెయ్య తన ప్లేటు ముట్టకుండా ఆమెనే చూస్తున్నాడు.

"ఎట్లుండాది?" అన్నాడు.

అలివేలమ్మ నమిలి, మింగి, కళ్లు తెరిచింది.

"వేడిగా ఉండాది" అంది.