మామగారి పలక మీద ఏడు ఔట్లు

పెళ్లి చెడగొట్టుకోవడానికి లోకంలో చాలా దారులున్నాయి. జాతకాలు కుదరకపోవచ్చు, వరుడు పేకాటలో పట్టుబడొచ్చు, వంటవాడు పారిపోవచ్చు. ఇవన్నీ మామూలు మనుషుల దారులు. నేను రెండు పాచికలతో, ఒక అమెరికా ఆటతో, ఒకే ఒక్క ఆదివారం పట్టపగలు నా పెళ్లిని ముంచుకున్నాను. పనిలో పనిగా నాలుగు ఊళ్లలో నిక్షేపంగా తిరుగుతున్న ముప్పై ఆరుగురిని చంపినంత పని చేశాను. అబద్ధమనుకుంటే మార్కాపురంలో ఎవరినైనా అడగండి. వాళ్లు చెప్పేది దీనికన్నా ఘోరంగా ఉంటుంది కనక, నా నోట వినడమే మీకు క్షేమం.

ఇప్పుడు మాది ప్రకాశం జిల్లా. అప్పట్లో కర్నూలు జిల్లా. ఆంధ్ర రాష్ట్రం వచ్చి, కర్నూలు రాజధాని అయిన కొత్త. రాజధాని మా పెరట్లో పడినట్టు మాట్లాడేవాళ్లం. నాకు ఇరవై మూడేళ్లు. ఒళ్లు బలపమంత, తెలివి పలకంత ఉందని నా అభిప్రాయం. కోటయ్యగారి పలకల గోడౌన్లో గుమాస్తా పని. గిద్దలూరు సుబ్బయ్యగారని మరో పలకల వర్తకుడు. ఆయన కూతురు పద్మావతితో నాకు సంబంధం కుదిరింది. వచ్చే గురువారం తాంబూలాలు.

పద్మావతిని ఒక్కసారే చూశాను, పెళ్లిచూపుల్లో. నా చేతిలోంచి లడ్డు జారిపడితే, ఎవరూ చూడలేదనుకుని కాలితో చాప కిందికి తోశాను. ఆ అమ్మాయి చూసింది. తల వంచుకునే నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు తిండి సయించలేదు, లెక్క కుదరలేదు, గోడౌన్లో ఏ పలక పగిలినా ఎందుకో సంతోషమేసేది. ఈ పిల్ల దక్కకపోతే దోర్నాల అడవిలో కలిసిపోవాల్సిందేనని తీర్మానించుకున్న మనిషిని. ఇది గుర్తు పెట్టుకుని మిగతాది చదవండి.

ఇక ఆట సంగతి. నా స్నేహితుడు మస్తాన్‌కు సైకిల్ షాపు ఉండేది. సామాన్ల కోసం మద్రాసు వెళ్లి, పాత సరుకులమ్మే చోట ఒక అట్టపెట్టె కొనుక్కొచ్చాడు. క్యారమ్స్ అనుకున్నాడట. విప్పితే బేస్‌బాల్! మైదానం బొమ్మ ఉన్న అట్ట, రెండు పాచికలు, ఒక ఇంగ్లీషు పుస్తకం, కట్ట నిండా చీటీలు. ఒక్కో చీటీ మీద ఒక్కో అమెరికా ఆటగాడి పేరు. మూడు వారాలు ఆ పుస్తకంతో కుస్తీ పట్టి, సారం పిండాను. కట్టెతో బంతిని కొట్టినవాడు నాలుగు మూలలూ చుట్టి మొదటి మూలకు తిరిగొస్తే ఒక పరుగు. ముగ్గురు ఔటయితేనే ఎదుటి జట్టుకు వంతు. మనం పరిగెత్తనక్కర్లేదు. పాచికలు వేసి, పడిన అంకెకు ఎదురుగా ఆ ఆటగాడి చీటీలో ఏం రాసుంటే అది జరిగినట్టే. గొప్ప ఆటగాడి చీటీలో ‘ఔట్’ అన్న మాట ఒకటో రెండో చోట్ల ఉంటుంది. నాసిరకం వాడి చీటీ నిండా అదే.

కుర్చీలో కూర్చుని పరుగులు తీసే ఆట! మా వాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? నెల తిరక్కుండా గిద్దలూరు, దర్శి, కురిచేడు కుర్రాళ్లకూ పిచ్చి అంటుకుంది. కోటయ్యగారి గోడౌన్లో, పలకలు పేర్చే పెద్ద బల్ల మీద నాలుగూళ్ల పోటీ అని చాటాం. కానీ ఒక చిక్కొచ్చింది.

“ఎవుడ్రా వీడు?” అన్నాడు దర్శి జట్టు పెద్ద, చీటీ ఎత్తి.

“జాన్ అంట,” అన్నాడు మస్తాన్.

“జాన్ సరే. ఎవురి కొడుకు?”

“అమెరికా వోడన్నా.”

“అమెరికాలో ఏ ఊరు? ఏమి యాపారం? ముక్కూ మొగం తెలీనోడు గెలిస్తే నాకేంది, ఓడితే నాకేంది? మా ఊరోడైతే పాచిక ఏస్తా. లేకుంటే పోతా.”

అప్పుడు మెరిసింది నా బుర్ర. మెరుపు పడిన చోట బూడిద కూడా ఉంటుందని అప్పటికి నాకు తెలీదు. “అమెరికా వాళ్లు ఎందుకు? మన నాలుగూళ్ల మనుషుల్నే ఆటగాళ్లను చేద్దాం!” అన్నాను. గోడౌన్లో పగిలిన పలక ముక్కలు కావలసినన్ని. ఒక్కో ముక్క మీద బలపంతో ఒక్కో పేరు రాసి, కింద రెండు నుంచి పన్నెండు దాకా అంకెలేసి, ఎవరెవరు ఏ అంకెకు ఔటో నేనే రాశాను. ఊరికి తొమ్మిది మంది. మొత్తం ముప్పై ఆరు పలకలు. సృష్టికర్తకు కూడా అంత గర్వం ఉండి ఉండదు.

మా యజమాని కోటయ్యగారికి రెండే ఔట్లు రాశాను. ఆయన మోకాళ్ల నొప్పితో గుమ్మం దాటాలంటే ఇద్దరు పట్టుకోవాలి. అయినా యజమాని కదండీ. బస్టాండు దగ్గర ఇడ్లీ హోటలు నడిపే అచ్చమ్మత్తకు మూడు. గాల్లో జారిన పళ్లేన్ని గాల్లోనే పట్టగల చేయి ఆమెది. గిద్దలూరుకు ఎనిమిది మంది దొరికారు. తొమ్మిదో మనిషి ఎవరా అని ఆలోచించి, తెలిసిన పేరు కదా అని సుబ్బయ్యగారిని రాశాను. రాశానా, నిజాయితీ పుట్టుకొచ్చింది. పెళ్లిచూపుల రోజు ఆయన కుర్చీలోంచి లేవడానికి మూడుసార్లు ప్రయత్నించి, నాలుగోసారి కుర్చీతో సహా లేచారు. అలాంటి మనిషి నాలుగు మూలలేం చుడతాడు? ఏడు ఔట్లు రాశాను. ఆయన గిద్దలూరులో, నేను మార్కాపురంలో. ఎవరు చూడొచ్చారు?

ఆయనే చూడొచ్చారు.

ఆదివారం పొద్దున్నే దర్శీ కురిచేడూ ఓడిపోయాయి. మిగిలింది మార్కాపురం, గిద్దలూరు. గిద్దలూరు తరఫున సుబ్బయ్యగారి మేనల్లుడు పాచికలు అందుకోబోతుంటే, వాకిట్లో జట్కా ఆగింది. అందులోంచి ముందు పొట్ట, తరవాత సుబ్బయ్యగారు దిగారు.

“అల్లుడు పెద్ద పోటీ పెట్టినాడంట గదా! ఆ జట్టులో నేనూ ఉండానంటనే. పదకొండు గంటల బండికి దిగినా. యాడ నా పలక?”

నా గుండె ఆగింది. ఒట్టు, కాసేపు ఆగింది. మస్తాన్ నా వీపు మీద గుద్దితే మళ్లీ మొదలైంది.

ఆయన బల్ల దగ్గర స్థిరపడి, మేనల్లుడి చేతిలో పాచికలు లాక్కుని, తన వంతుకు తనే వేశారు. ఏడు పడింది.

“ఔట్!” అన్నాడు మస్తాన్, వాడికేం పోయింది.

“ఎవురు ఔటు?”

“మీరే మామా.”

“ఈడ కూర్చోనుండానే, ఎట్ల ఔటయితా?” పలక ఎత్తి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని, వేలితో లెక్కపెట్టారు. “ఒకటి... రెండు... అయిదు... ఏడు. ఏందబ్బయ్యా ఇది? ఎవురు రాసినారు?”

గోడౌన్ అంతా నా వైపు తిరిగింది. దూరంగా కట్టేసిన ఎద్దు కూడా తిరిగిందని నా అనుమానం.

“అది... ఆటలో అట్ల వస్తుంది మామా,” అన్నాను.

“అట్లనా? కోటయ్య బావది చూపించు.” చూపించక తప్పలేదు. “రెండా! పక్కింటికి పోవాలంటే జట్కా పిలిచే కోటయ్యకు రెండు! నాకు ఏడా!”

కోటయ్యగారు మూలనుంచి అందుకున్నారు. “నీకు ఏడు తక్కువే సుబ్బయ్యా. పిల్లోడు మొగమాటపడినాడు.”

సుబ్బయ్యగారు పాచికలు బల్ల మీద పెట్టేశారు. “గురువారం సంగతి మళ్లా ఆలోచిస్తాంలే.”

ఆ మాట పూర్తయ్యేలోపే నా బొటనవేలు నోట్లో ఉంది, మరుక్షణం ఆయన పలక మీద. రుద్దాను. ఏడు ఔట్లూ పోయాయి. ఆ జాగాలో ఒక్కొక్కటీ మైదానం దాటే దెబ్బ రాశాను. “పొరపాటు మామా! వేరే సుబ్బయ్యది రాసినా!”

“అట్ల చెప్పు,” అని ఆయన మీసం సవరించుకున్నారు.

“రేయ్, అయితే నావి రెండెందుకు? తుడువు,” అన్నారు కోటయ్యగారు. తుడిచాను. అచ్చమ్మత్త గరిటె పట్టుకుని వచ్చింది. “నరసిమ్ములూ, నీకు దినాము పొద్దున కొసరు ఇడ్లీ ఏసేది ఎవురు నాయనా?” తుడిచాను. తరవాత ఎవరొచ్చారో, ఎవరికి తుడిచానో నాకే తెలీదు. వార్త బజారుకెక్కింది. మనుషులు వాళ్ల పలక కోసం వరస కట్టారు. నా నాలుక సున్నం కొట్టినట్టయింది. మధ్యాహ్నం రెండయ్యేసరికి ముప్పై ఆరు పలకల మీద ఔట్ అన్న మాట అక్కడొకటి, ఇక్కడొకటి మిగిలింది. సుబ్బయ్యగారి పలక మీదయితే చుక్క కూడా లేదు.

ఇప్పుడు ఆలోచించండి. ముగ్గురు ఔటయితేనే వంతు మారే ఆటలో, ఎవరూ ఔట్ కాకపోతే?

గిద్దలూరు కొడుతూనే ఉంది. యాభై. నూరు. నూట నలభై. ఎలాగో ఇద్దరు ఔటయ్యారు, మూడోవాడు దొరకడు. మార్కాపురం జట్టుకు పాచికలు ముట్టుకునే భాగ్యమే లేదు. మస్తాన్ పరుగులు రాసీ రాసీ పలకలు చాలక గోడ మీద మొదలుపెట్టాడు.

“మామా, సాయంత్రం బండి టైమయింది,” అన్నాను, చేతులు కట్టుకుని.

“ఉండబ్బయ్యా! నేను ఔట్ కాకుండా ఎట్ల లేచేది?” ఆయన మొహంలో ఇరవయ్యేళ్ల వెలుగు. “చూడు, మళ్లా కొట్టినా! ఇది ముప్పయ్యో దెబ్బ!”

జట్కావాడు అరిచి అరిచి వెళ్లిపోయాడు. బండి కూడా వెళ్లిపోయింది. అప్పుడు సుబ్బయ్యగారికి మెలకువొచ్చింది. ఇంటికెళ్తే ఏం చెప్పాలో తోచలేదు కాబోలు, ఆ చిరాకంతా పలకల మీదికి మళ్లింది. తనదీ కోటయ్యగారిదీ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు.

“ఇద్దరిదీ ఒగటే ఉందే! నేనూ కోటయ్యా సమానమా? ఈయనకు మళ్లా ఔట్లు రాయి.”

“రాసినావో, రేపట్నుంచి గోడౌనుకు రావాకు,” అన్నారు కోటయ్యగారు.

“రాయలేదో, గురువారం మా ఇంటికి రావాకు,” అన్నారు సుబ్బయ్యగారు.

ఒక చెవిలో ఉద్యోగం, ఒక చెవిలో పద్మావతి. వెనకాల ముప్పై మంది, ఎవరిది వాళ్లకు తక్కువే. పక్కనే పలకల దుమ్ము కడిగే నీళ్ల తొట్టి ఉంది. ఏ దెయ్యం పూనిందో, ముప్పై ఆరు పలకలూ రెండు చేతులా ఎత్తి తొట్టిలో పడేసి, పైనుంచి రుద్దాను.

పైకి తీసిన పలకలు నున్నగా, నల్లగా, ఏమీ లేకుండా ఉన్నాయి. ఔట్లతోపాటు పేర్లు కూడా పోయాయని అప్పుడు చూశాను.

అచ్చమ్మత్త గుండెలు బాదుకుంది. “ఓయమ్మో! బతికుండంగానే నా పేరు తుడిచినాడే! నీళ్లలో కలిపినాడే! నా బిడ్డలకు ఇంకా పెండ్లిండ్లు కాలేదే!”

“నా పేరు కూడానా?” కోటయ్యగారు నాడి చూసుకుంటున్నారు. కురిచేడు నుంచి వచ్చిన ముసలాయన ఒకడు నిజంగానే నేల మీద పడుకుని, నీళ్లిమ్మన్నాడు.

సుబ్బయ్యగారు మాత్రం అరవలేదు. అదే భయం. తడి పలక ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు. “పిల్లనిచ్చే మామను నీళ్లలో కలిపినావు. తాంబూలాలు లేవు, ఏమీ లేవు. గిద్దలూరు దిక్కు కూడా చూడబాక.”

మా నాయన ఆ రాత్రి నన్ను తిట్టలేదు. నా పేరు పలికితే నోరు మైలపడుతుందన్నట్టు, మా అమ్మతో “ఆ మనిషికి అన్నం పెట్టు” అన్నాడు. మంగళవారం మాత్రం పొద్దున్నే లేపి, “పద, కాళ్ల మీద పడుదువు. మాట్లాడబాక. నీ నోరు తెరిస్తే ఇంకేదో ఒగటి తుడుస్తావు,” అని బండెక్కించాడు.

గిద్దలూరులో తలుపు తీసింది సుబ్బయ్యగారి భార్య కాశమ్మగారు. పలకల చట్రం లాంటి నడుముకు చేతులు పెట్టుకుని, నన్ను పైనుంచి కిందికి చూశారు. లోపల సుబ్బయ్యగారు గోడవైపు తిరిగి కూర్చున్నారు.

“నువ్వేనా, ఈయనకు ఏడు ఔట్లు రాసినోడివి?”

“తప్పయింది అత్తా,” అని వంగాను.

“లెయ్. ఏడే ఎందుకు రాసినావు?”

“అత్తా?”

“ఎనిమిదోది ఎవురికోసం ఇడిచిపెట్టినావు? ఆదివారం పగటి బండికి పోయినోడు సోమవారం ఇల్లు చేరినాడు. ఇరవై అయిదేండ్లుగా ఈయన యెనకాల నవ్వినోళ్లు, మొగం మీద పొగిడినోళ్లు తప్ప, ఉండేది ఉండేట్లు రాసినోడు నువ్వొక్కడివే. కండ్లుండే పిల్లోడు. నా బిడ్డను సూసుకుంటాడు.”

“నన్ను నీళ్లలో ముంచినోడికి పిల్లనిస్తావా?” అన్నారు లోపలినుంచి సుబ్బయ్యగారు.

“ఇస్తా. వద్దంటే గడప దాకా వచ్చి చెప్పండి.”

ఆయన రాలేదు. మా నాయన పళ్లు బయటపడ్డాయి. నాకు ఆనందంతో కాళ్లు తేలిపోతున్నాయి. అంతలో తలుపు చాటునుంచి సన్నటి గొంతు వినిపించింది.

“అమ్మా, అందురికీ రాసినాడు గదా. ఆయన పలక మీద ఎన్ని రాసుకున్యాడో అడుగు.”

ఇందాకటినుంచీ మీ దగ్గర ఒక విషయం దాచాను. మార్కాపురం జట్టులో తొమ్మిదో ఆటగాణ్ణి నేనే. నాకు నేను ఒక్క ఔట్ కూడా రాసుకోలేదు. ఎవరూ అడక్కముందే, ఎవరూ ఏడవకముందే, మొదటి రోజే.

నా మొహమే చెప్పేసింది. తలుపు చాటున బలపం గీతల చప్పుడు, చాలాసేపు. తరవాత గాజుల చేయి ఒకటి పలకను బయటికి చాపింది. పైన నా పేరు. కింద రెండు నుంచి పన్నెండు దాకా పదకొండు అంకెలు. పదకొండింటికీ ఔట్. అడుగున చిన్న అక్షరాలతో: ‘ఒప్పుకుంటే గురువారం రండి.’

ఒప్పుకున్నాను. తాంబూలాలయ్యాయి, పెళ్లయింది, పిల్లలయ్యారు. ఇన్నేళ్లలో ఆవిడ ఆ పదకొండులో రెండు తుడిచింది. మొన్న కోపమొచ్చి ఒకటి మళ్లీ రాసింది.

కాబట్టి పాఠక మహాశయులారా, వంటింటి గుమ్మంలో నిలబడి, ఆవిడ వినేటట్టుగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఏ మనిషికీ మార్కులు వేయను. తప్పనిసరై వేయాల్సి వస్తే, మొదటి పలక నాదే. అది కూడా ఆవిడే రాస్తుంది, నేను కింద వేలిముద్ర వేస్తాను.