రంగమ్మ మీద నేను కట్టిన పాట

1932లో విరుదునగర్‌లో ఒక అచ్చుకూటంలో ప్రూఫులు దిద్దే పనికి చేరాను. ఏడాది తిరక్కుండానే పాటలు కట్టే బాధ్యత కూడా నా మీద పడింది. పాటలంటే తమిళంలో సిందులు. ఎక్కడ ఖూనీ జరిగినా, ఎవరు అకాలంగా చచ్చినా, ఆ వార్తను జనానికి తెలిసిన బాణీలో కట్టి, ఒక కాగితం మడిచి ఎనిమిది పుటలుగా అచ్చు వేసేవాళ్లం. పాటగాళ్లు వాటిని సంతల్లో కంజిర కొట్టి పాడి అమ్మేవారు. కట్టినవాడి పేరు వేసే ఆచారం లేదు.

మా ఇంటి భాష తెలుగు. మా వాళ్లు మాట్లాడతారే గాని చదవలేరు. అయినా మా కరిసలు నేల మీద, అంటే నల్లరేగడి మీద, వానల మీద ఆ భాషలోనే పద్యాలు రాసుకునేవాణ్ణి. నా రాతంటే అదేనని నా నమ్మకం.

ఆ మరుసటి ఎండాకాలంలో కయత్తారు పక్క పల్లెలో రంగమ్మ అనే ఇల్లాలు బావిలో పడి చనిపోయింది. వెళ్లి విచారించాను. నీళ్లు అడుగంటాయి, కిందికి దిగబోతే మెట్టు విరిగి కాలు జారింది. అలాగే కట్టాను. అచ్చుకూటం యజమానిని మొదలాళి అనేవాళ్లం. ఆయన చదివి పక్కన పడేశాడు.

"కాలు జారిందంటే ఎవరు కొంటారు? మనసు జారిందని రాయండి."

నేను నసిగాను. ఇది అమ్ముడుపోతే నా తెలుగు పద్యాలు తన ఖర్చుతో అచ్చు వేస్తానన్నాడు. ఆ మధ్యాహ్నమే రంగమ్మకు ఒక ప్రియుణ్ణి కల్పించాను.

మూడుసార్లు అచ్చు వేయాల్సి వచ్చింది. తర్వాత ఒకనాడు రంగమ్మ తల్లి అచ్చుకూటానికి వచ్చింది.

"నైనా, నువ్వు మనోడివే అంట. నా కూతురు ఎవడితో ఉంటే చూస్తివి?"

చూడలేదన్నాను.

"కోవిల్‌పట్టి సంతలో పాడతా ఉండారు. దాని మొగుడు బిడ్డను నా వాకిట్లో దించేసి పోయినాడు. నా బిడ్డేనా ఇది అంటాడు. అది జారి పడిందని ఇంకో పాట కట్టు నైనా. ఆ పాటగాళ్లే పాడనీ."

లోపలికి వెళ్లి మొదలాళికి చెప్పాను. ఆయన కోప్పడలేదు. "మీ పద్యాలకని తీసిపెట్టిన కాగితం ఉంది. కావాలంటే ఈ పాట దాని మీద వేసుకోండి. రెండింటికీ నేను ఖర్చు పెట్టలేను" అన్నాడు.

బయటికి వచ్చి, మొదలాళి ఒప్పుకోలేదని ఆమెతో చెప్పాను. ఆమె నమ్మింది. నాకు దండం పెట్టి వెళ్లిపోయింది.

నా పుస్తకం నా పేరుతోనే వచ్చింది. చేతిలో పట్టుకున్నప్పుడు సంతోషపడ్డాను, అది దాచను. బంధువులు కళ్లకద్దుకుని పూజగదిలో పెట్టుకున్నారు. చదివినవాళ్లెవరైనా ఉన్నట్టు నాకు తెలియదు. రంగమ్మ కూతురు అమ్మమ్మ దగ్గరే పెరిగిందని కోవిల్‌పట్టి పాటగాళ్లు చెప్పారు.

సంతకు రాసేది నీచమనీ, తన తృప్తికి రాసేది ఉత్తమమనీ ఈ వృత్తిలోకి వచ్చే పడుచువాళ్లు అంటుంటారు. నేనూ అన్నాను. కాని రంగమ్మ పేరు చెడగొట్టింది నేను సంత కోసం కాదు. ఆమె తల్లికి అబద్ధం చెప్పింది మొదలాళి కోసం కాదు. రెండూ నా పద్యాల కోసమే చేశాను.