కిటికీ పక్క ఫుల్ మీల్స్

కడుపునిండా తినడం కూడా ఒక చాకిరీ అని నాకు అనంతపురం బస్టాండు దగ్గరి మెస్సులో తెలిసింది. నవ్వేవాళ్ళు నవ్వండి. కరువు సీమలో పుట్టి, ఎదురుగా అన్నం పెట్టుకుని విసుగుపడినదాన్ని నేనొక్కదాన్నే కాబోలు.

తొంభైల చివరి మాట ఇది. మాది శింగనమల చెరువుకు అవతలుండే పల్లె. ఆ చెరువు నిండగా చూసి అప్పటికి మూడేళ్ళు దాటింది. శెనక్కాయ వేస్తే విత్తనానికి వేసిన కాయలు కూడా చేతికి రాలేదు. మా ఇంటాయన నూనె మిల్లులో మూటలు మోసేవాడు. నేను అదే మిల్లులో కాయలు ఏరేదాన్ని. ఆయనా నేనూ సరిగ్గా ఒకే ఎత్తు. పెళ్ళిలో ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి, కొలతపెట్టి తెచ్చినారా ఏమప్పా అని మా మేనత్త అన్న మాట ఊరంతా తిరిగింది. చాలా రోజులు మేమిద్దరం కలిసి వీధిలో నడవాలంటే నాకు చిరాకుగా ఉండేది.

రెండుసార్లు కడుపు పోయింది. రెండుసార్లూ ఐదో నెల దాటలేదు. మూడోసారి నెల తప్పినప్పుడు టౌనులో ఆసుపత్రికి పోయినాం. డాక్టరమ్మ నా కన్ను కిందికి లాగి చూసి, ఏం తింటావని అడిగింది. సంగటి, కారం అన్నాను. ఇంకేం తింటావని అడిగింది. ఇంకేముంటుంది చెప్పడానికి? సంగటి, కారం అని మళ్ళీ అదే చెప్పాను. ఆమె నాతో ఇంక మాట్లాడకుండా బయట బల్ల మీద కూర్చున్న ఆయన్ని పిలిచింది. ఒంట్లో రక్తం లేదు, వట్టి మాత్రలు మింగితే చాలదు, పప్పు, ఆకుకూర, పెరుగు వేసుకుని కడుపునిండా అన్నం తినాలి, ఈసారి కూడా పోతే బిడ్డతో పాటు మనిషి కూడా దక్కదు అని ఆయనతోనే చెప్పింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

ప్రతి గురువారం సూదికి రమ్మన్నారు. ఆసుపత్రి నుంచి బస్టాండుకు నడిచి వస్తుంటే ఆయన ఒక బోర్డు ముందు ఆగిపోయాడు. ఫుల్ మీల్స్, ఎంత తిన్నా అదే ధర అని రాసి ఉంది. డాక్టరమ్మ చెప్పిన కడుపునిండా అనే మాట ఆయన తలలో అట్లాగే కూర్చుని ఉంది మరి. నన్ను లోపలికి పంపాడు. రెండు టికెట్లు కొనే స్తోమత మాకు లేదు. ఒక విస్తరికి ఒకరే కూర్చోవాలని గోడ మీద ఎర్రరంగుతో రాసిపెట్టారు కాబట్టి ఇద్దరం పంచుకునే దారి కూడా లేదు. తను పొద్దున్నే సంగటి తిన్నానన్నాడు. తినలేదని నాకు తెలుసు. సంగటి కెలికేది నేనే కదా!

మెస్సుకు మూడు మెట్లెక్కాలి. లోపల పొడుగు బల్లలు, వాటి నిండా మగవాళ్ళు, ఒక్కొక్కరి కుర్చీ వెనక తమ వంతు కోసం నిలబడ్డ మరొకరు. ఆడవాళ్ళు వస్తే వీధివైపు కిటికీ కింద గోడకు బల్లలా అతికించిన బండ దగ్గర కూర్చోబెట్టేవాళ్ళు. నన్నూ అక్కడే కూర్చోబెట్టారు. తలెత్తేసరికి కిటికీ ఊచలు పట్టుకుని ఆయన ముఖం.

వడ్డించే ఆయన పెద్దవయసు మనిషి, భుజం మీద తువ్వాలు. అన్నం కుప్పగా పోసి, పప్పు, వంకాయ కూర, గోంగూర, అప్పడం వరసగా వేసి పోయాడు. నేను నాలుగు ముద్దలు తిన్నాను. ఆయన బకెట్టుతో మళ్ళీ వచ్చి మారన్నం పెట్టమంటావామ్మా అంటే రెండు చేతులూ విస్తరి మీద అడ్డం పెట్టేశాను. చాలు అన్నాను. ఆయన ముందుకు పోయాడు. కిటికీలోంచి మా ఇంటాయన అరిచాడు.

"చాలంటావేంటికి మే? పెట్టించుకో!"

మెస్సంతా నావైపు తిరిగింది. భూమి చీలితే బాగుండును అనిపించింది. లేచి చెయ్యి కడుక్కున్నాను. బస్సులో ఊరి దాకా ఆయన నన్ను తిడుతూనే ఉన్నాడు, ఊరకే వచ్చే అన్నం వద్దనే మొద్దుదాన్ని లోకంలో చూడలేదని. సిగ్గయిందని చెప్పాను. ఆడవాళ్ళకు ఎంత సిగ్గున్నా అన్నం దగ్గర మాత్రం ఆ సిగ్గు ఉండకూడదన్నాడు.

సిగ్గు కాదు అది. మా అమ్మ మాకు అన్నం పెట్టేటప్పుడు వీధి తలుపు దగ్గరగా వేసేది. ఆకలితో ఉన్న మనిషి చూపు కంచంలో పడితే ఆ కూడు ఒంటికి పట్టదని, దిష్టి తగులుతుందని చెప్పేది. ఆ కిటికీ దగ్గర నాకు అదే పట్టుకుంది. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళ మీద ఉన్న మనిషి అడుగు దూరంలో నిలబడి నా విస్తరిలోకి చూస్తుంటే ముద్ద గొంతులో దిగేదెట్లా? కట్టుకున్నవాడితో నీ చూపు దిష్టి అని ఏ నోటితో అనాలి? ఎండగా ఉంది, పోయి ఆ అంగడి పంచలో నిలబడు అని రెండోవారం చెప్పి చూశాను. ఈడ బాగానే ఉండాది అన్నాడు. కదల్లేదు. నాకు ఒళ్ళు మండింది. ఏం మనిషి, తినలేకపోతే పోయె, అట్లా కళ్ళప్పగించి చూడడం ఎందుకు అనుకున్నాను. ఈ మాట ఇప్పుడు రాస్తుంటే చెయ్యి బరువుగా ఉంది, కానీ అనుకున్నమాట అనుకున్నట్టే రాయాలి.

మూడు గురువారాలు అట్లాగే గడిచాయి. నాలుగోవారం ఆసుపత్రిలో నర్సు నన్ను తూకం మీద నిలబెట్టింది. ముల్లు పోయిన నెల ఎక్కడుందో అక్కడే ఉంది. ఈమె కూడు తింటాందా లేదా అని ఆయన్ని అడిగింది. ఆయన నావైపు ఒకసారి చూసి, తింటాంది అని చెప్పాడు. నాలుగో నెల అప్పటికి సగం గడిచింది. ఐదో నెల ఎదురుగా కనిపిస్తోంది. ఆ పూట మెస్సు మెట్లెక్కి అదే బండ దగ్గర కూర్చున్నాను.

వడ్డించే ఆయన విస్తరి వేస్తుంటే అన్నాను.

"దుమ్ము పడతాంది అన్నా, ఆ కిటికీ రెక్కలు మూసెయ్."

ఆ రోజు గాలే లేదు. ఆకు కదలడం లేదు. ఆ పెద్దమనిషి కిటికీ చూశాడు, నన్ను చూశాడు. చెయ్యి చాపి చెక్క రెక్కలు రెండూ దగ్గరికి లాగి గడియ పెట్టాడు. ఊచల మీద ఉన్న నాలుగు వేళ్ళు వెనక్కి పోవడం నేను చూశాను.

అప్పుడు తిన్నాను. పప్పన్నం తిన్నాను, సాంబారన్నం తిన్నాను, చారు పోయించుకుని తాగాను, పెరుగన్నంలో అప్పడం నలుపుకుని తిన్నాను. రెండు మూడువారాలయ్యేసరికి ఆ ముసలాయన అడగడం మానేశాడు. నా విస్తరి ఖాళీ అయితే చాలు, గరిటె వంచి పోయేవాడు. రుచి ఏమిటో నాకు తెలియదు. ఇది బిడ్డకు, ఇది రక్తానికి, ఇది డాక్టరమ్మకు అని మింగేదాన్ని. చివరి ముద్దలకు చెమట పట్టేది. నడుము పట్టేసేది, గుండెల్లో మంటెత్తేది, నిద్ర ముంచుకొచ్చేది. మిల్లులో దినమంతా కాయలు ఏరినా అంత అలసట రాలేదు. అయినా పూట పూటకూ ఒక గరిటె ఎక్కువే తిన్నాను.

బయటికి వస్తే ఆయన మెట్ల మీద కూర్చుని ఉండేవాడు. రెక్కలు ఎందుకు మూశారని అడగలేదు. తిన్న్యావా అని అడిగేవాడు. తిన్న్యా అనేదాన్ని. కడుపునిండానా అనేవాడు. నిండా అనేదాన్ని. కిటికీ తెరిచి ఉన్నన్నాళ్ళూ ఈ ప్రశ్న ఆయన నోట ఎప్పుడూ రాలేదు. మూయించినాక ఒక్కవారం కూడా తప్పిపోలేదు. నన్ను దెప్పుతున్నాడనే అనుకున్నాను. నేను ఎండలో మాడుతుంటే నువ్వు తలుపేసుకుని తిన్నావు కదా అని ఆ మాటకు అర్థం అనుకున్నాను. ఒకరోజు బస్సులో తట్టుకోలేక, వారం వారం అదే అడిగి నా ప్రాణం తీస్తావెందుకు అని గట్టిగా అనేశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. తర్వాతి గురువారం మళ్ళీ అడిగాడు.

తూకం ముల్లు కదిలింది. ఐదో నెల దాటింది, ఆరు దాటింది. నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. మా గురువారం మెస్సు సంగతి అప్పటికే తెలిసిన నర్సు బిడ్డ బరువు చూసి, మెస్సులో పెంచినావే అని నవ్వింది. తర్వాత ఆ మెస్సు మెట్లు మేమెక్కలేదు. అన్నం అంటే కొన్నాళ్ళు నాకు ముఖం మొత్తింది కూడా.

పదేళ్ళు ఎట్లా పోయినాయో చెప్పుకునేంత గొప్పగా ఏమీ పోలేదు. బోరు వేశాం, నీళ్ళు పడలేదు. సేద్యం వదిలేసి టౌను దగ్గరికి వచ్చాం. ఆయన పైపుల గోడౌనుకు కాపలా. నేను బడిలో పిల్లలకు మధ్యాహ్నం వంట. నలుగురి మాదిరి తినే రోజులు వచ్చాయనుకునేసరికి ఆయనకు షుగరు బయటపడింది. అన్నం గుప్పెడే తినాలని డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. గుప్పెడు ఎవరి గుప్పెడో రాయలేదని ఆయన తమాషా చేసేవాడు గానీ, కాలికి పుండు లేచి రెండు నెలలు మానకపోయేసరికి భయపడి గుప్పెడికి దిగాడు.

పాపకు కళ్ళద్దాలు తీసుకోవడానికి పోయినప్పుడు బస్టాండు దగ్గర అది నిలబడిపోయింది, వాళ్ళ నాయన ఒకప్పుడు నిలబడిపోయినట్టే. పాత మెస్సుకు కొత్త రంగు వేసి బఫే అని బోర్డు పెట్టారు. ఎవరికి కావలసింది వాళ్ళే పెట్టుకోవచ్చు, ఎన్నిసార్లయినా పెట్టుకోవచ్చు. మూడు టికెట్లు తీసుకున్నాం. మా బతుకులో మొదటిసారి.

లోపల వడ్డించే వాళ్ళు లేరు. మూతలున్న పెద్ద గిన్నెల వరస, కింద మంటలు. నూడుల్స్, గోబీ మంచూరియా, ఎర్రగా ఏదో అన్నం, ఆ చివరెక్కడో మన పప్పు, చారు. పాప నూడుల్స్ కోసమే నాలుగుసార్లు లేచింది. ఆ చైనా సేమ్యా చాలు, కడుపు నొస్తుంది అని వాళ్ళ నాయన అంటుంటే పకపకా నవ్వింది. నేను అందరికీ వండి పెట్టే మనిషిని. తట్ట పట్టుకుని వరసలో నిలబడాలంటేనే నాకు నీరసం వచ్చింది. ఆయనకు చెంచాడు అన్నం, పప్పు, కూర నేనే తెచ్చిపెట్టాను. కిటికీ కింద బండ అట్లాగే ఉంది. ఆయన పోయి అక్కడే కూర్చున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది, తిన్న వెంటనే ఆయన వేసుకోవాల్సిన మాత్ర ఇంట్లో మరిచిపోయి వచ్చానని. పక్కనే మందుల అంగడి ఉంటే దిగిపోయాను. మూడు మెట్లలో ఒకదాన్ని కొత్త రోడ్డు మింగేసింది, ఇప్పుడు రెండే ఉన్నాయి. మాత్ర తీసుకుని గోడ వెంబడి వస్తూ, ఎంత తిన్నాడో చూద్దామని కిటికీ దగ్గర ఆగాను. ఊచలు పట్టుకుని చూశాను.

తట్ట కనపడలేదు. మునికాళ్ళ మీద లేచాను. అయినా కనపడలేదు. కిటికీ కింది గోడ మందంగా ఉంది, బండ దానికి ఇంకా కిందికి ఉంది. ఆయన ముఖం ఒక్కటే కనిపిస్తోంది, గడ్డం నుంచి పైకి. దవడ కదులుతోంది. పప్పు నచ్చిందని తెలుస్తోంది. ఇంకొంచెం తినాలని ఉండి ఆగిపోయాడని కూడా తెలుస్తోంది. రోడ్డు లేచినాకే ఇట్లా ఉంటే, ఆ రోజుల్లో, నా ఎత్తే ఉన్న ఆ మనిషికి నా విస్తరి ఒక్కరోజైనా కనపడి ఉంటుందా?

అక్కడే నిలబడిపోయాను. పదేళ్ళు నేను మోసిన కోపం ఎక్కడ దించాలో తెలియలేదు. కళ్ళ నీళ్ళు వచ్చాయి. ఆయన తలెత్తి నన్ను చూసి, ఏమన్నట్టు గడ్డం ఎగరేశాడు.

లోపలికి పోయి మాత్ర చేతిలో పెట్టాను. పాప మళ్ళీ గిన్నెల దగ్గరుంది. ఇంక దాచి ఏం లాభం అని అడిగేశాను.

"అప్పుడు బయట నిలబడుకోని ఏం చూస్తాంటివి?"

"నువ్వు తింటాంటే చూస్తాంటి. తట్ట యాడ కనపడుతుంది ఆ గోడకి?"

"కిటికీ నేనే మూయించినా."

"తెలుసు."

"మరి ఒక్కనాడన్నా అడగల్యా ఏంటికని?"

ఆయన మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగాడు.

"వారం వారం అడిగితి కదా, తిన్న్యావా అని. తిన్న్యా అంటివి. ఇంకేమడగాల?"

పాప తట్ట నింపుకుని వచ్చి మా మధ్యన కూర్చుంది. ఆయన తన ఖాళీ తట్ట పక్కకు జరిపి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, దాని ముఖం చూస్తూ కూర్చున్నాడు.