నా బదులు వేదికనెక్కిన పెట్టె

ఒక మనిషిని గది బయటే నిలిపివేసి, ఆ మనిషి గురించే లోపల కూర్చుని వాదించి గెలిస్తే, దాన్ని గెలుపుగా మీరు ఒప్పుకుంటారా? నేను ఒప్పుకోను. ఒప్పుకోకపోవడానికి నాకొక పాత కారణం ఉంది. మొన్న మా మనుమరాలు బడిలో జరిగే వక్తృత్వ పోటీకి సిద్ధమవుతూ, మంచం అంచున కూర్చుని తన ప్రసంగాన్ని ఫోనులో రికార్డు చేసుకుంది. విని, మూతి విరిచి, బొటనవేలితో తుడిపేసి, మళ్లీ మొదలుపెట్టింది. అలా ఆ పిల్ల ఎన్ని ప్రసంగాలను పుట్టించి చంపిందో లెక్కలేదు. నా గొంతును ఒకప్పుడు ఇద్దరు మగవాళ్లు చెరోపక్క పట్టుకుని రిక్షాలోంచి దించారని చెబితే పకపకా నవ్వింది. ఆ నవ్వు ఆగేలోపు నేను కరీంనగర్‌లోని మా పెంకుటింటి నడిమింట్లోకి వెళ్లిపోయాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్లు గడిచిన కాలమది. మా కాలేజీలో ఆడపిల్లలం ఒక్క బెంచీకి సరిపోయేవాళ్లం. తరగతిలో జరిగే వాదోపవాదాల్లో నేను నోరు విప్పితే ఎదుటిపక్షం వారు ముందు నవ్వేవారు, తరువాత రాసుకునేవారు, చివరికి ఊరుకునేవారు. ఆ ఏడు వార్షిక పోటీకి 'స్త్రీకి ఉన్నత విద్య అవసరమా' అన్నది విషయంగా పెట్టారు. అవసరమని వాదించడానికి మా లెక్చరరు నా పేరు రాశారు. మిగిలిన వక్తలందరూ మగవాళ్లే. సాయంత్రం ఇంట్లో బాపుకు, అంటే మా నాన్నకు, చెప్పాను. ఆయన వకీలు దగ్గర గుమాస్తా. ఉర్దూ దస్తావేజులతో, తెలుగు దస్తావేజులతో జీవితమంతా మెలిగినందువల్ల, అన్న మాటకు కట్టుబడటం ఆయనకు మతంతో సమానం. 'గంతమంది మొగపోరగాండ్ల ముందట నువ్వు స్టేజీ ఎక్కుడేంది? నలుగురు నాలుగు తీర్లంటరు. ఎక్కద్దు' అన్నారు. 'నేను ఎక్కద్దా బాపూ, నా మాట ఎక్కద్దా?' అని అడిగాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, 'నువ్వే ఎక్కద్దు. మాటకు కాళ్లున్నయా ఎక్కెతందుకు?' అన్నారు. ఆ మాటను నేను తీర్పుగా భద్రపరచుకున్నాను.

కాళ్లు లేని మాటను మోసుకుపోయే వాహనం బెల్లంపల్లిలో మా మేనమామ దగ్గర ఉంది. బొగ్గుగనిలో కరెంటు పని చేసే ఆయన, ఊరు విడిచి వెళ్లిపోతున్న ఒక ఇంజనీరు దగ్గర టేపు రికార్డరు కొన్నాడు. పెద్ద ట్రంకు పెట్టెంత యంత్రం. పైన రెండు రీళ్లు, ముందు దంతం రంగు మీటలు, వాటి చివర ఒక ఎర్రమీట, మధ్యన గొంతు బలాన్ని బట్టి మూసుకుని తెరుచుకునే పచ్చని కన్ను. నేను కబురు పంపగానే రైల్లో పెద్దపల్లి దాకా, అక్కడినుంచి బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. 'సీటుమీద పెడితే టికెట్ గొట్టాలె అన్నడు కోడలా, కండక్టరు. నా పెండ్లాన్ని సుత ఇంత పైలంగ తోలుకరాలే నేను' అని తొడలు రుద్దుకున్నాడు. యంత్రంలో ప్రతి నరం తనకు తెలుసునని ఆయన చెప్పుకునేవాడు. నిజానికి ఆయన తన పాటలు తాను వినడానికి తప్ప దాన్ని వాడి ఎరుగడు. దానితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని చదివింది నేను. నిండు రీలు ఎడమవైపు, ఖాళీ రీలు కుడివైపు. గోధుమరంగు టేపును వేళ్లతో లాగి, నడుమనున్న సన్నని సందులోంచి పోనిచ్చి, ఖాళీ రీలుకు చుట్టాలి. మెలిక పడితే మాట చచ్చిపోతుంది. పాడటానికి ఒక మీట చాలు. రాసుకోవడానికి దానితోపాటు ఎర్రమీటను కూడా నొక్కాలి. ఎర్రది పొరపాటున నొక్కితే అంతకుముందు ఉన్నది తుడిచిపెట్టుకుపోతుంది. అందుకని ఎర్రమీట జోలికి పోనని మామ చేత ప్రమాణం చేయించాను.

పోటీ మరునాడనగా మధ్యాహ్నం రికార్డింగు పెట్టుకున్నాం. సాయంత్రమైతే కరెంటు నీరసించి దీపాలు ఎర్రబడేవి. గది మోగకుండా గోడకు గొంగడి కట్టాం. మొదటిసారి నేను ఒక వేగంలో రాస్తే, మామ మరో వేగంలో తిప్పాడు. నా వాదం ఎద్దు రంకెలా బయటికి వచ్చింది. మా నాయనమ్మ చెవి ఒగ్గి విని, 'ఇది పిల్ల గొంతు గాదు, పటేలు గొంతు. గిట్లనే పంపుండ్రి, ఎవడు అడ్డం మాట్లాడడు' అంది. వేగం సరిచేశాక అసలు చిక్కు మిగిలింది. పోటీలో ఎదుటివారికి జవాబివ్వాలి. పెట్టె వినజాలదు కదా. వారు చెప్పబోయేవి మాత్రం నాకు కంఠతా వచ్చు, ఏటేటా అవే కనుక. ఒక్కొక్కదానికీ ముందే జవాబు చెప్పి, చివర ఒక ప్రశ్న వేసి, కొంతసేపు మౌనంగా ఉండి, ఆ తరువాత ముగించాలని నిశ్చయించుకున్నాను. మౌనాన్ని కూడా టేపుమీదే రాయాలి. నేను మాట్లాడుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టి కూర్చున్న మా అవ్వ (అమ్మను మేము అలాగే పిలిచేవాళ్లం), నేను ఆగగానే ప్రసంగం అయిపోయిందనుకుంది. వెనకింట్లోకి పోయి, ఆగిపోయిన జొన్నలు విసరసాగింది. ఇసుర్రాయి గరగర, గాజుల చప్పుడు. నేను చేతులు ఊపితే అటు తిరిగి ఉంది. ముగింపు చెప్పి మీట ఎత్తీ ఎత్తగానే కరెంటు పోయింది, ఆ రోజుకు మళ్లీ రాలేదు. ఆ చప్పుడును చెరిపి మళ్లీ రాసే దారి లేదని నేను ఏడుపు మొహం పెడితే అవ్వ అంది: 'నీ ముచ్చట్ల కోసం పొద్దటి పిండి ఆగుతదా బిడ్డా?'

మరునాడు మామా రిక్షావాడూ చెరోపక్క పట్టుకుని పెట్టెను కాలేజీలో దించారు. నేను హాలు పక్క వరండాలో, కిటికీ చాటున, మా బెంచీ పిల్లలతో నిలబడ్డాను. బాపు నల్లకోటు తొడుక్కుని, కోర్టు కచేరీకి పోతున్నానని చెప్పి పొద్దున్నే బయలుదేరారు. యంత్రానికి అనుమతి ఎలా ఇస్తారని ఎదుటిపక్షం అడిగింది. వక్తకు గొంతు ఉండాలని నియమాల్లో ఉన్నదే కాని కాళ్లు ఉండాలని లేదన్నారు మా లెక్చరరు. మామ ఇస్త్రీ చొక్కాతో వేదికనెక్కి, సభకు సలాము చేసి, మీట నొక్కాడు. రీళ్లు తిరిగాయి. శబ్దం లేదు. లోపలి వాల్వులు వేడెక్కేదాకా పెట్టె పలకదు.

'పెట్టెకు సిగ్గయితున్నట్టుంది, పర్దా కట్టుండ్రి' అని వెనకనుంచి ఒకడు అరిచాడు.

'జర ఆగుండ్రి. కాగాలె' అన్నాడు మామ.

'ఏంది కాగేది, చాయా?'

హాలంతా నవ్వింది. మామ టేపును మొదటికి తిప్పి మళ్లీ మీట నొక్కాడు. ఆ నవ్వులోంచి నా గొంతు లేచింది. తమ వాదాలు ఒక్కొక్కటిగా తమకంటే ముందే పెట్టెలోంచి వచ్చి పడిపోతుంటే, ఎదుటిపక్షం వారు చేతిలోని కాగితాలు మడిచి జేబులో పెట్టుకోవడం కిటికీలోంచి చూశాను. చివరికి ప్రశ్న వచ్చింది: 'ఆడపిల్లకు ఎంత చదువు చాలునో తీర్మానించే ముందు, మీ ఇంట్లోని ఒక్క ఆడపిల్లనైనా అడిగారా?' తరువాత మౌనం. ఎదుటిపక్షం నాయకుడు, నిజంగా గొప్ప వక్త, ఊరుకోలేక లేచాడు. 'అడుగుడెందుకు? మా చెల్లె సంగతి మాకెరుకనే' అన్నాడు. చప్పట్లు మోగాయి. అవి సద్దుమణిగాక ఆ మౌనం అడుగునుంచి ఇసుర్రాయి తిరుగుతున్న చప్పుడు హాలంతటికీ వినిపించింది. గరగర, గాజులు, గరగర. ఎవరూ నవ్వలేదు. ప్రతివాడికీ అది తన ఇల్లే. అప్పుడు నా గొంతు అంది: 'మీరు జవాబు చెప్పే ఉంటారు. అది సరైనదే కావచ్చు. నాకు వినిపించలేదు. నేను మీ గదిలో లేను. లేనివారికి జవాబు చెప్పి గెలిచామనుకోవడమే ఈ చర్చలోని దోషం. నా వాదం ఇంతే.'

చప్పట్లకు కిటికీ రెక్కలు అదిరాయి. మొదటి బహుమతి నాకే ప్రకటించారు. అయితే అధ్యక్షులు కప్పు చేతబట్టుకుని, 'యంత్రానికి ఇవ్వలేము. మనిషి రావాలి' అన్నారు. నేను కదలలేదు. బాపు మాట ఉంది కదా. హాలు చివరి వరుసలో ఒక నల్లకోటు లేచింది. కచేరీకి పోయిన బాపు మొదటినుంచీ అక్కడే కూర్చున్నారట. నేరుగా కిటికీ దగ్గరికి వచ్చారు. 'మీ అవ్వ ఇసురుడు గీ హాలుకెక్కింది. ఇగ నువ్వు ఎక్కకపోతే ఏం బాగుంటది? పో బిడ్డా. మళ్లొక్కసారి గా పెట్టెను మోస్తే మీ మామ నడుం పడిపోతది' అన్నారు. నేను మెట్లెక్కాను. కప్పు అందుకుని, ఎదుటిపక్షం నాయకుడి వైపు తిరిగి, 'ఇప్పుడు చెప్పండి, వింటాను' అన్నాను. 'ఇయ్యాల ఇంటికి వొయ్యి అడిగొస్త. అటెంక చెప్త' అన్నాడతను. అడుగుతానన్న మాట తప్పలేదు. జవాబు మాత్రం అతను చెప్పలేదు, మరుసటి ఏడు మా బెంచీమీద నా పక్కన కూర్చుని అతని చెల్లెలే చెప్పింది.

గొంతును దాచుకునే సాధనాలు కాలంతోపాటు తేలికవుతూ వచ్చాయి. అడిగి ఆగడం మాత్రం ఆనాడు ఎంత బరువో ఈనాడూ అంతే బరువు. కనుక పాఠకులారా, మీకు నాదొక విన్నపం. మీ ఇంట్లో ఎవరి విషయాన్ని వారు లేకుండానే తేల్చేశారో, ఆ మనిషిని ఈరోజే పిలిచి కూర్చోబెట్టండి. ఒక్క ప్రశ్న అడగండి. జవాబు పూర్తయ్యేదాకా మీరు మాట్లాడకండి.