ఎనిమిది గంటల మాత్ర

టైలర్ షాపులో ఆవిడను అందరూ కాజాలమ్మ అంటారు. చొక్కాలకు ఆవిడ చేత్తో కుట్టినంత నున్నగా బొత్తాల కాజాలు మెషీను కూడా కుట్టదని మేస్త్రీ మాట. వయసు అరవై రెండు. ఇరవై ఒక్క ఏళ్లుగా ఒంట్లో హెచ్‌ఐవి ఉంది. భర్త పోయాక బయటపడింది. రోజూ ఎనిమిదింటికి ఒక మాత్ర. దాని పుణ్యమా అని పరీక్షల్లో వైరస్ కనబడనంతగా అణిగి ఉంది. ఈ సంగతి కొడుక్కీ కోడలికీ తెలియదు.

ఇప్పుడొచ్చిన దిగులు మరుపుతో. మొన్న బొత్తాల డబ్బా అడుగున దాచిన సీసా విప్పి చూస్తే పదకొండు ఉండాల్సిన మాత్రలు పదమూడున్నాయి. ఏ రెండు రోజులు ఎగ్గొట్టిందో ఎంత బుర్ర గోక్కున్నా తేలలేదు.

ఆస్పత్రిలో నర్సు కోప్పడలేదు. "ఇంట్లో ఒకరి చెవిన వెయ్యండమ్మా. మిమ్మల్ని అడిగేవాళ్లుండాలి."

"చెబితే మనవరాలిని నా ఒళ్లోకి రానివ్వరు తల్లీ."

"ఒళ్లో కూర్చుంటే రాదని ఎన్నిసార్లు చెప్పాను?"

"నాకు తెలుసు. తెలియాల్సింది వాళ్లకి కదా."

మూడు రోజులు ఇంట్లో చెప్పకుండానే గడిపేసింది. నాలుగో సాయంత్రం కోడలు వారానికి ఏడు అరలున్న మందుల పెట్టె కొనుక్కొచ్చింది.

"అత్తయ్యా, నిన్నటి బీపీ మాత్ర అలాగే ఉంది. పొయ్యి మీద పాలు మర్చిపోతే పోనీలే అనుకున్నా. ఇంకేమైనా మందులుంటే ఇటివ్వండి, నేనే సర్దుతా."

కాజాలమ్మ సీసా తెచ్చి ఇచ్చింది. దాని మీది కాగితాన్ని ఎప్పుడో బ్లేడుతో గీకేసింది.

"పేరేదీ దీనికి?"

చెప్పింది. మూడు ముక్కల్లో చెప్పాలనుకున్నదానికి చాలాసేపు పట్టింది. చివరికి కోడలు అడిగింది.

"పాపకేమైనా అవుతుందా?"

"అవదమ్మా. నా మాట నమ్మకపోతే నర్సునడుగు."

"అడుగుతా. రేపు నేనూ వస్తా." పాపను ఎత్తుకుని లోపలికి వెళ్లింది. తలుపు దగ్గరగా వేసింది.

కాజాలమ్మ మంచం అంచున కూర్చుంది. లోపల పాప ఆడుకుంటున్న చప్పుడు వినబడుతోంది. కొళాయి తిప్పిన చప్పుడు కూడా. చేతులు కడుక్కుంటోందా? గిన్నెలేమో. ఎన్ని గిన్నెలుంటాయి ఈ వేళప్పుడు? మళ్లీ కొళాయి.

ఎనిమిదయింది. తలుపు తెరుచుకోలేదు కానీ, లోపలి నుంచి గొంతు వినబడింది.

"అత్తయ్యా, వేసుకున్నారా?"

"ఇదిగో, వేసుకుంటున్నా."

"వేసుకున్నాక చెప్పండి."

మింగింది. "వేసుకున్నా," అంది. సరిగా వినబడిందో లేదోనని మళ్లీ అంది.